వినేవారి ఆమేనుకు చోటున్నదా?
మేము వింటున్న మూడు ఆల్బముల పరిశీలన

సంఘ కాపరులు కలిసినప్పుడు ఏ పుస్తకములు చదువుతున్నారని ఒకరినొకరు అడుగుతారు. ఏ పాటలు వింటున్నారని అడగడం అరుదు. కాపరి చదివిన పుస్తకములు అతని ప్రసంగములో కనిపించినట్లే, అతని చెవికి అలవాటైన సంగీతము అతడు నడిపించే ఆరాధనలో కనిపిస్తుంది. కాబట్టి ఈ రెండవ ప్రశ్న కూడ వేదాంత విద్యార్థి వేసుకోదగినదే.

కొంతకాలముగా మేము శనివారం సాయంత్రములలో కొందరు విద్యార్థులతో కూర్చొని ఆల్బములు వింటున్నాము. నియమము ఒక్కటే. ఆల్బమును మొదటి నుండి చివరి వరకు మధ్యలో ఆపకుండా వినాలి, ఆ తరువాతే ఎవరి అభిప్రాయము వారు చెప్పాలి. అలా విన్నవాటిలో మూడింటిని గూర్చి ఇక్కడ వ్రాస్తున్నాము. మూడును అమెరికా దేశపువే, ఏదియు క్రొత్తది కాదు. మన ఆరాధనలో వాడుకొనుటకు వీటిని సిఫారసు చేయడం మా ఉద్దేశ్యము కాదు. మన ఆరాధనను గూర్చి ఇవి మమ్మును అడిగిన ప్రశ్నను పాఠకుల ముందుంచడమే ఉద్దేశ్యము.

1. ఒక కొలత

మొదటి కొరింథీ పత్రిక 14:16లో అపొస్తలుడైన పౌలు ఒక సామాన్యుని గూర్చి ఆలోచిస్తాడు. ముందున్నవాడు చేసే కృతజ్ఞతాస్తుతి అర్థము కాకపోతే, ఆ సామాన్యుడు దానికి ఆమేన్ ఎలా పలుకగలడన్నది పౌలు ప్రశ్న. అక్కడ చర్చ భాషలను గూర్చినదే గాని వాద్యములను గూర్చినది కాదు. అయినను దాని వెనుకనున్న భారము సంగీతమునకు కూడ వర్తిస్తుంది. ఒకడు చేసే స్తుతిలో మరియొకడు పాలుపొందగలగాలి. 136వ కీర్తనలో 26 వచనములు ఉండగా ప్రతి వచనము చివర ఒకే పలుకు మరల మరల వస్తుంది. ప్రజలు జవాబు చెప్పుటకే ఆ కీర్తన అలా కట్టబడినదని వ్యాఖ్యాతలు సాధారణముగా చెబుతారు. కాబట్టి ప్రతి ఆల్బమును ఈ ఒక్క కొలతతో చూశాము: ఇందులో వినేవారికి చోటున్నదా?

2. సంఘము జవాబిచ్చిన పాట

అరెతా ఫ్రాంక్లిన్ (1942–2018) పాడిన "అమేజింగ్ గ్రేస్" 1972లో రెండు రికార్డుల ఆల్బముగా వెలువడింది. అప్పటికి ఆమె లౌకిక సంగీతములో ఎంతో పేరు పొందిన గాయని. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ నగరములో బాప్టిస్టు సంఘ కాపరి. ఆమె ఈ పాటలను స్టూడియోలో పాడలేదు. 1972 జనవరి 13, 14 తేదీల రాత్రులు లాస్ ఏంజిలిస్‌లోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు మందిరములో ప్రజల మధ్య నిలిచి పాడింది. రెవ. జేమ్స్ క్లీవ్‌లాండ్ కార్యక్రమమును నడిపించగా, సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ ఆమెతో కూడ పాడింది. ఆ రెండు రాత్రులలో జరిగినదంతా 1999లో పూర్తి రూపములో విడుదలైంది.

ఈ ఆల్బములో మొదట చెవిని పడేది అరెతా స్వరము కాదు, ఆ స్వరమునకు జనులిచ్చే జవాబు. ముఖ్య గీతము పదకొండు నిమిషములకు దగ్గరగా సాగుతుంది. ఆమె ఒక్కొక్క పదమును ఎంతో సాగదీసి పాడుతుంటే, ఆ పదము ముగియకముందే జనులలో ఒకరు కేక వేస్తారు, ఒకరు మూలుగుతారు, ఒకరు చప్పట్లు కొడతారు. ఆ కేక విని ఆమె తరువాతి మాట పాడే తీరు మార్చుకుంటుంది. వేరొకచోటనైతే ఇవన్నీ అంతరాయములని తీసివేసేవారు. ఇక్కడ అవి పాటలో భాగమైనాయి.

మరియొక సంగతి. ఈ గీతమును వ్రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు ఆఫ్రికా బానిసలను తరలించిన ఓడకు నాయకుడు. ఇంగ్లండులోని ఓల్నీ గ్రామ సంఘములో 1773 నూతన సంవత్సర దినమున చేసిన ప్రసంగము నిమిత్తము దానిని వ్రాశాడు. రెండు వందల యేండ్ల తరువాత, బానిసలుగా తేబడినవారి సంతతి ఆ పాపి పాటను తీసుకొని తమ పాటగా చేసుకున్నారు. కృప అను సిద్ధాంతమును తరగతిలో బోధించేటప్పుడు దీనికి మించిన ఉదాహరణ మాకు తోచదు.

అయితే ఒక విద్యార్థి గట్టిగానే అభ్యంతరము చెప్పాడు. "ఆ కేకలు దేవునికా, ఆమెకా?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. మందిరములో చిత్రీకరణ కెమెరాలు ఉన్నాయి, ప్రసిద్ధులైన సంగీతకారులు కూడ వచ్చి కూర్చున్నారు, ఆల్బము ఇరువది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అమ్మకము, ఆరాధన ఒకే గదిలో ఉన్నప్పుడు రెంటిని విడదీయడం సులభము కాదు. మా మట్టుకు ఆనాటి చిత్రీకరణ కథలో కొంత జవాబు దొరికింది. దృశ్యమును ధ్వనిని జతపరచుటకు కావలసిన గుర్తులు చిత్రీకరణలో పెట్టనందున ఆ చలనచిత్రము అప్పుడు పూర్తికాలేదు. ఆమె మరణించిన తరువాతనే, 2018లో, ప్రదర్శనకు వచ్చింది. ఆ మధ్య కాలమంతా లోకము ఆ మందిరమును చూడలేదు, విన్నది. చెవితో మాత్రమే విన్నప్పుడు, పేరుపొందినవారెవరో పేరులేనివారెవరో తెలియదు. అందరి ఆమేను ఒక్కటిగానే వినిపిస్తుంది.

3. మాటలేని ప్రార్థన

జాన్ కోల్ట్రేన్ (1926–1967) జాజ్ సంగీతములో సాక్సఫోన్ విద్వాంసుడు. అతని తాతలిద్దరును మెథడిస్టు బోధకులు. మత్తుపదార్థములకు, మద్యమునకు బానిసయై, 1957లో దేవుని కృపవలన ఆత్మీయ మేల్కొలుపు పొందానని అతడే సాక్ష్యమిచ్చాడు. ఆ కృతజ్ఞతతో చేసిన ఆల్బము "ఎ లవ్ సుప్రీమ్". 1964 డిసెంబరు 9న నలుగురు వాద్యకారులు రికార్డు చేయగా 1965లో విడుదలైంది. నాలుగు భాగములు, నిడివి ముప్పది మూడు నిమిషములు.

మొదటి భాగములో నాలుగు స్వరముల చిన్న పలుకు ఒకటి ఉన్నది. కోల్ట్రేన్ దానిని శ్రుతి మార్చి మార్చి పన్నెండు శ్రుతులలోను వాయించి, చివరకు ఆల్బము పేరునే నోటితో జపించినట్లు పలుకుతాడు. "ఇది మన ఊరి భజనలా ఉన్నది" అని ఒక విద్యార్థి అన్నప్పుడు కొందరు నవ్వారు గాని మాట సరియైనదే.

నాలుగవ భాగము పేరు "సామ్", అనగా కీర్తన. మొదటిసారి విన్నప్పుడు మాలో ఎక్కువమందికి అది గమ్యము లేని శబ్దముగా తోచింది. తాళము నిలువదు, ఆలాపన వలె సాగుతుంది. తరువాత తెలిసినదేమనగా, ఆల్బము అట్టపై అతడు వ్రాసిన ప్రార్థన అచ్చువేయబడినది, సాక్సఫోన్ ఆ ప్రార్థననే అక్షరము వెంబడి అక్షరముగా పలుకుతున్నది. రెండవసారి ఆ ప్రార్థనను చేతబట్టుకొని విన్నాము. ఆ శబ్దము వాక్యములుగా విడిపోయింది. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో, ఎక్కడ కృతజ్ఞత చెబుతున్నాడో తెలిసింది. రోమా 8:26లో చెప్పబడిన, మాటలకందని మూలుగును గూర్చి ప్రసంగములు చాల విన్నాము. ఆ మూలుగునకు ధ్వని ఎట్లుండునో అప్పుడు కొంత ఊహకు వచ్చింది.

ఇక్కడ మా పరిమితిని చెప్పాలి. ఆ ప్రార్థన దేవునితో మాట్లాడుతుంది గాని అందులో క్రీస్తు నామము లేదు. తరువాత, 1966లో, తాను అన్ని మతములను నమ్ముతానని కోల్ట్రేన్ చెప్పాడు. మన విశ్వాస ప్రమాణముతో ఇది పొసగదు. కాబట్టి దీనిని ఆరాధనకు తేలేము. అయినను ఇతరుల కొరకు ప్రతిదినము ప్రార్థించి తన స్వంత మాటలు అయిపోయిన కాపరి, తలుపు వేసుకొని వినదగినది. వినేవారి చేతికి ప్రార్థననిచ్చి, తాను వాద్యముతో చదివిన మనిషి ఇతడు. మా కొలతకు ఇతడు నిలుస్తాడు.

4. తల్లి పాటల పుస్తకము

జానీ క్యాష్ (1932–2003) మరణించిన రెండు నెలలకు ఐదు డిస్కుల సంపుటము ఒకటి వచ్చింది. అందులోని "మై మదర్స్ హిమ్ బుక్" 2004లో విడిగా కూడ వెలువడింది. ఒక గిటారు, ఒక ముసలి గొంతు, పదిహేను పాటలు. పాటలన్నీ అతని తల్లి వాడిన పాత పుస్తకములోనివి. ఆర్కన్సా రాష్ట్రములో ప్రత్తి చేలలో పనిచేసిన కుటుంబమది. 1944లో అతని అన్న రంపపు ప్రమాదములో మరణించాడు. పాటలలో ఎక్కువ భాగము పరలోకమును గూర్చినవే ఎందుకైనవో ఆ చరిత్ర తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థులలో ఇద్దరు ఇది నిద్ర తెప్పించినదన్నారు. పదిహేను పాటలు ఇంచుమించు ఒకే నడకలో సాగుతాయి గనుక ఆ విమర్శను కాదనలేము. ఇహలోకపు న్యాయమును గూర్చి ఈ పాటలు మాట్లాడేది తక్కువన్నది మా విమర్శ. అయితే మూడవ పాట వచ్చేసరికి వెనుక వరుసలో ఒకరు మెల్లగా పాడసాగారు. అరెతాతో కలిసి పాడే సాహసము ఎవరును చేయలేదు. క్యాష్ పాట ఎవరికైనను అందుతుంది. గొంతు తగ్గినచోట అతడు దాచుకోలేదు. మన గొంతు చేర్చుటకు అక్కడే చోటు దొరుకుతుంది.

5. మన సంఘములకు

ఈ మూడవ ఆల్బము మా యింటి సంగతి ఒకటి గుర్తుచేసింది. తెలుగు క్రైస్తవ గృహములలో బైబిలు ప్రక్కన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకముండేది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలు, పైన రాగము, తాళము. చదువురాని తల్లులు సహితము నాయకుడు ఒక చరణమనగా పల్లవిని అందుకొని, విని విని పుస్తకమంతా కంఠస్థము చేశారు. 136వ కీర్తన పద్ధతి మన ఊళ్లలో అలా నిలిచింది.

మేము సేవచేసిన ఒక సంఘములో ఒక వృద్ధురాలు ప్రతి ఆదివారము ప్రార్థన ముగియగానే తానే కీర్తన ఎత్తేది. ఆమె శ్రుతి కీబోర్డుతో కలిసేది కాదు. యౌవనస్థులు ఇబ్బంది పడుతున్నారని, క్రమము చెడుతున్నదని తలంచి, ఇకమీదట ఎత్తవద్దని మేమే ఆమెతో చెప్పాము. "సరే అయ్యగారూ" అన్నది. ఆ తరువాత ఆమె పాడగా మేము వినలేదు. ఆరాధన బాగుపడినదనే అప్పుడు అనుకున్నాము. ఆ మందిరములో అరెతా పాటకు ఒక స్త్రీ పెట్టిన కేక విన్న సాయంత్రము, మేము మూయించినది ఎటువంటి గొంతో తెలిసింది. ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించినది. క్షమాపణ చెప్పుటకు సమయము మించిపోయినది.

వాద్యములు వద్దనడం లేదు. 150వ కీర్తన ఉండగా ఆ మాట అనలేము. క్రొత్త పాటలు వద్దనడం కూడ లేదు. ట్రాకు ఎంత బాగున్నను, స్పీకరు ఎంత పెద్దదైనను, సామాన్యుని ఆమేను దాని క్రింద మునిగిపోతే పౌలు అడిగిన ప్రశ్న మన మీదనే నిలుస్తుంది.

తోటి కాపరులకు ఒక్క పని సూచిస్తున్నాము. వచ్చే ఆదివారము ఒక ఫోనును వేదిక మీద గాక చివరి వరుసలో, చాప మీద కూర్చున్నవారి ప్రక్కన పెట్టి, పాటల సమయమును రికార్డు చేయండి. సాయంత్రము ఇంట్లో ఒంటరిగా వినండి. అందులో ఎవరి గొంతులు వినబడుతున్నాయో, ఎవరివి వినబడడం లేదో పేరుపేరున వ్రాసుకోండి. వినబడనివారి ఇంటికి ఆ వారములో వెళ్లి, మీకు వచ్చిన కీర్తన ఏదని అడగండి. ఆ తరువాతి ఆదివారము ఆ కీర్తనను వారి శ్రుతిలోనే ఎత్తండి.