ఇంటిపేరు ఎంతవరకు సాక్ష్యం? - ఐర్లండు వలస కుటుంబాలు, మెక్‌లైసట్ నిఘంటువు: ఒక పరిశీలన

ఇంటిపేరును బట్టి ఒక వంశం ఎక్కడి నుంచి వచ్చిందో నిర్ణయించవచ్చునా? తెలుగు రాష్ట్రాల వెలుపల చదువుకొంటున్న మన విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి సూటిగా జవాబు చెప్పడానికి ముందు, ఇదే ప్రశ్నపై నూరేళ్ళకు మించి కృషి జరిగిన ఐర్లండును పరిశీలించడం మేలని మేము భావిస్తున్నాము. అందుకు ఆధారంగా ఎడ్వర్డ్ మెక్‌లైసట్ 1969లో ప్రచురించిన 'ది సర్‌నేమ్స్ ఆఫ్ ఐర్లండ్' అనే నిఘంటువును తీసుకొంటున్నాము.

1169లో వెక్స్‌ఫర్డ్ తీరాన బానో అఖాతం వద్ద కొద్దిపాటి సైన్యం దిగింది. 1171లో ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ స్వయంగా వచ్చాడు. ఆ వెనుక వేల్స్ నుంచి, నైరుతి ఇంగ్లండు నుంచి ప్రభువులూ, రైతులూ, వర్తకులూ వచ్చి స్థిరపడ్డారు. ప్రెండర్‌గాస్ట్, రోచ్ వంటి పేర్లు నైరుతి వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ ఊళ్ళ పేర్లే. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా ఆ తరువాతి రెండు మూడు శతాబ్దాలలో ఉన్నది.

వచ్చినవారు స్థానికులతో వియ్యమందారు. గేలిక్ భాష నేర్చారు. తమ పేర్లను ఆ భాష వ్యాకరణానికి అప్పగించారు. గేలిక్‌లో 'మాక్' అంటే కొడుకు. మేయో కౌంటీలోని డి ఎక్సెటర్ కుటుంబం తమ పూర్వీకుడు జోర్డన్ పేరు మీద 'మాక్' చేర్చుకొని, చివరకు జోర్డన్‌లు అయింది. బర్క్‌లలో ఒక శాఖ 'చిన్న జాన్ కొడుకులు' అనే అర్థమిచ్చే పేరు పెట్టుకొని, ఆంగ్లంలో జెన్నింగ్స్‌గా తేలింది. ఇంగ్లండు పట్టణం పేరుతో వచ్చిన బర్మింగ్‌హామ్ కుటుంబం పియర్స్ అనే పూర్వీకుని పేరుతో 'మాక్' కట్టుకొన్నది. ఆ సమాసంలో పియర్స్ పేరు తొలి హల్లు మెత్తబడి లోపించింది. 'మాక్'లోని చివరి కకారం వెళ్ళి మిగిలిన అచ్చుకు అతుక్కున్నది. ఫలితం, వెక్స్‌ఫర్డ్‌లోని కోరిష్ అనే పేరు. డి ఆంగులో కుటుంబం కాస్టెలో అయిన తీరు కూడా ఇదే. పదాల సరిహద్దు జరిగిపోయే ఈ మార్పును భాషాశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. పైకి ఇటాలియన్ పేరులా వినిపించే కాస్టెలో లోపల ఒక నార్మన్ కుటుంబం, ఒక గేలిక్ ప్రత్యయం దాగి ఉన్నాయి.

మెక్‌లైసట్ గొప్పతనం ఇక్కడే ఉన్నది. పేరు పైరూపాన్ని నమ్మవద్దని ఆయన పుట పుటకూ హెచ్చరిస్తాడు. 'ఫిట్జ్' అనేది కొడుకు అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చింది కనుక ఫిట్జ్‌జెరాల్డ్ నార్మన్ పేరు. అదే సూత్రంతో ఫిట్జ్‌పాట్రిక్‌నూ నార్మన్ అంటే పొరపాటు. అది గేలిక్ కుటుంబం ఆంగ్లీకరించుకొన్న పేరు. కెర్రీ, కార్క్ ప్రాంతాలలోని హారింగ్టన్ ఇంగ్లండు ఊరి పేరులా వినిపిస్తుంది. నిజానికి అది ఒక గేలిక్ పేరుకు ధ్వని సామ్యంతో తొడిగిన ముసుగు. కావన్ కౌంటీలోని స్మిత్‌లలో ఎందరో కమ్మరి అనే అర్థం గల మాక్ గవన్‌లు. అది కేవలం అనువాదం.

రాజశాసనం కూడా ఈ చిక్కును పెంచింది. 1366 నాటి కిల్కెన్నీ శాసనాలు వలసవచ్చినవారు ఆంగ్ల భాషనూ ఆంగ్ల నామాలనూ విడువరాదన్నాయి. 1465లో చేసిన చట్టం ఎదురు దిక్కుగా నడిచింది. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్‌లలో ఆంగ్లేయుల మధ్య నివసించే ఐరిష్ వారు ఒక పట్టణం పేరో, తెలుపు నలుపు వంటి రంగు పేరో, కమ్మరం వడ్రంగం వంటి వృత్తి పేరో ఇంటిపేరుగా పెట్టుకోవాలన్నది. ఈ చట్టం ఎంతమేరకు అమలైనా, వైట్ అనే పేరుగల ఐరిష్ కుటుంబాన్ని చూసి ఇంగ్లండు వంశమని తేల్చే హక్కు మనకు లేకుండా చేసింది.

ఇక లోపాల మాట. ఈ నిఘంటువులో ఒక్కొక్క పేరుకు కేటాయించినది కొద్ది పంక్తులే. గేలిక్ రూపం, ప్రధాన ప్రాంతం, మూలం గురించి ఒక తీర్పు ఉంటాయి. ఆ తీర్పుకు దారితీసిన రూపాలు ఏ సంవత్సరంలో, ఏ పత్రంలో కనిపించాయో చాలాచోట్ల కనబడదు. రచయిత తన ఇతర గ్రంథాలను చూడమంటాడు. కానీ విద్యార్థికి కావలసినది తీర్పు కాదు, విచారణ. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన బ్రిటన్, ఐర్లండు కుటుంబ నామాల నిఘంటువు తొలినాటి వ్యక్తులను, తేదీలను, పత్రాలను ఉదాహరించింది. దాని పక్కన పెట్టి చూస్తే మెక్‌లైసట్ పద్ధతిలోని కొరత స్పష్టమవుతుంది.

రెండవ లోపం ఇంకా మౌలికమైనది. పేరు మూలం వేరు, వంశం మూలం వేరు. వాల్ష్ అనే పేరునే తీసుకొందాం. 1890 నాటి జననాల పట్టికను ఆధారం చేసుకొని మాథిసన్ తయారుచేసిన లెక్కలో ఇది ఐర్లండులో నాలుగవ అతి సాధారణమైన పేరు. గేలిక్‌లో దీని రూపం బ్రెనాక్, అంటే బ్రిటన్ దేశీయుడు, వేల్స్ వాడు. కానీ వేల్స్‌లో ఉన్నంతకాలం ఎవరినీ 'వేల్స్ వాడు' అని పిలవనక్కరలేదు. ఆ పేరు పుట్టినది వేల్స్‌లో కాదు, ఐర్లండులో, పొరుగువారి నోట. సంబంధం లేని కుటుంబాలకు వేర్వేరు చోట్ల విడివిడిగా అదే పేరు తగిలింది. కనుక వాల్ష్‌లందరికీ ఒక మూలపురుషుని వెతకడం వృథా. మెక్‌లైసట్‌కు ఈ సంగతి తెలుసు. అయినా గేలిక్, నార్మన్, ఆంగ్ల అనే ముద్రలతో నడిచే నిఘంటువు పద్ధతి పాఠకుణ్ణి అటే లాగుతుంది. లైసట్‌గా పుట్టి, గేలిక్ మూలాన్ని చాటుకోవడానికి 'మాక్' చేర్చుకొన్న పండితుని గ్రంథంలో ఈ మొగ్గు ఉండటం ఆశ్చర్యం కాదు. ఇది నింద కాదు. ఆ కాలపు ఐర్లండులో పేరు ఒక ప్రకటన.

పేరు చాలకపోతే పత్రాలున్నాయి గదా అనవచ్చు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజులలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని ప్రభుత్వ పత్రాలయం పేలుడులో కాలిపోయింది. 13వ శతాబ్ది నుంచి కూర్చిన న్యాయస్థానపు చుట్టలు, 19వ శతాబ్ది జనాభా లెక్కలలో మిగిలి ఉన్నవాటిలో అధిక భాగం నశించాయి. అయితే అంతా పోలేదు. అంతకుముందే అచ్చయిన సంగ్రహాలు, ఆర్మండ్ ప్రభువుల దస్తావేజులు, లండన్‌కు పంపిన ఖజానా లెక్కలు మిగిలాయి. డబ్లిన్ నగరం వద్ద ఉండటం వల్ల సుమారు 1190 నుంచి 1265 వరకు గల వర్తక శ్రేణి జాబితా బ్రతికింది. బ్రిస్టల్, కార్డిఫ్, వూస్టర్ వంటి ఊళ్ళ పేర్లతో అందులో ఎందరో కనిపిస్తారు. చెదిరిన ప్రతులను కూర్చి 2022 జూన్‌లో ఒక ఆన్‌లైన్ పత్రనిధిని కూడా ప్రారంభించారు.

ఐనా ఒక అగాధం పూడదు. ఆ వర్తకుని 'కార్డిఫ్' అతని గుర్తు మాత్రమే కావచ్చు. కొడుక్కు సంక్రమించినదని జాబితా చెప్పదు. కాథలిక్ చర్చి రిజిస్టర్లు 18వ శతాబ్దికి ముందు అరుదు. ఆ రిజిస్టర్ల నుంచి 13వ శతాబ్ది జాబితా దాకా తెగని గొలుసు భూములున్న కుటుంబాలకే దొరుకుతుంది. కౌలుదారుకు, కూలివానికి మిగిలేది పేరు, ప్రాంతం, సంభావ్యత. వెక్స్‌ఫర్డ్ దక్షిణాన ఫోర్త్, బార్గీ ప్రాంతాలలో మధ్యయుగపు ఆంగ్లం నుంచి దిగిన ఒక మాండలికం 19వ శతాబ్ది నడుమ దాకా బ్రతికింది. దాని పదకోశం 1867లో అచ్చయింది. ఆ గ్రామాలలో పేరూ, మాటా, నేలా ఒకే దిక్కు చూపుతాయి. అలా మూడు సాక్ష్యాలు కలిసినచోటే మనం కొంత ధైర్యంగా మాట్లాడగలము.

మన సంగతికి వద్దాము. తమిళులు తెలుగువారిని వడుగర్ అన్నారు, ఉత్తరాది వారని. అది కూడా పొరుగువారు పెట్టిన పేరే. తమిళనాట పేరు ముందు ఉండేది సాధారణంగా తండ్రి పేరులోని అక్షరం. ఇంటిపేరు బడి రిజిస్టరులో కనపడక, పెళ్ళి మాటలలోనూ పెద్దల నోటిలోనూ నిలిచి ఉంటుంది. దానిని రాసిపెట్టుకోవడం అవసరం. కాని కొత్తపల్లి అనే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఏదో ఒక కొత్తపల్లిని స్వగ్రామంగా నిశ్చయించుకోరాదు. తెలుగునాట ఆ పేరుగల ఊళ్ళు అనేకం. పేరు రూపం, అది మొదట కనిపించిన పత్రం, ఆ పత్రం తేదీ, ఇంట్లో మాట్లాడే మాండలికం - ఈ నాలుగింటినీ వేర్వేరుగా నమోదు చేసి, అవి ఏకీభవిస్తాయో లేదో చూడాలి.

మెక్‌లైసట్ నిఘంటువును మా విద్యార్థులకు ఇప్పటికీ సిఫారసు చేస్తాము, మొదటి మెట్టుగా. నాలుగు వందల ఏళ్ళుగా ఒక నేల మీద ఉన్న కుటుంబాన్ని 'మీరు బయటివారు' అనడానికి గానీ, 'మేము కలగాపులగం లేని ఫలానా వంశం' అని చెప్పుకోవడానికి గానీ ఇంటిపేరు చాలదు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి వేల్స్ వారి పేరు మోస్తున్న వాల్ష్‌లు ఐరిష్ వారు కారని ఐర్లండులో ఎవరూ అనరు.