సంచిలో బంతి తీసే లెక్క

ఇంటర్ గణితంలో సంభావ్యత పాఠం చదివినవారికి ఆ సంచి గుర్తుండే ఉంటుంది. కొన్ని ఎర్ర బంతులు, కొన్ని తెల్ల బంతులు. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే అవకాశమెంత? పరీక్షలు కాగానే దాన్ని మరిచిపోతాం. అప్పుడే పుట్టిన పసికందులకు ఏ చికిత్స ఇవ్వాలో అదే సంచి తేల్చిన సందర్భం ఒకటుంది. అక్కడికి వెళ్లేముందు ఒక చిన్న లెక్క చేద్దాం.

రెండు మందులున్నాయి. మొదటిది 10 మందికి ఇస్తే ఏడుగురికి నయమైంది. రెండోది ఇద్దరికే ఇచ్చారు, ఒకరికి నయమైంది. ఇప్పుడు పదమూడో రోగి వచ్చాడు. ఏది ఇవ్వాలి?

సగటు చూసేవాడు 0.7 పెద్దది కదా అని మొదటిదే ఇస్తాడు, ఆ తర్వాత కూడా అదే ఇస్తూ పోతాడు. రెండో మందుకు పాపం ఇద్దరితోనే సరి. తెలిసినదాన్నే పట్టుకోవాలా, తెలియనిదానికి మరో అవకాశమివ్వాలా అన్న ఈ చిక్కునే బాండిట్ సమస్య అంటారు. జూదశాలల్లోని స్లాట్ మెషిన్ల నుంచి వచ్చిన పేరది. 1952లో హెర్బర్ట్ రాబిన్స్ వ్యాసంతో గణితవేత్తల దృష్టి దీనిపై గట్టిగా పడింది.

2002లో ఆవర్, చేసా-బియాంకి, ఫిషర్ ప్రతిపాదించిన యూసీబీ1 పద్ధతి, తక్కువగా పరీక్షించినదానికి ఎక్కువ అదనపు మార్కులు వేస్తుంది. ఇంతవరకు చూసిన మొత్తం రోగుల సంఖ్యకు సహజ సంవర్గమానం తీసి, రెట్టింపు చేసి, ఆ మందు వాడినవారి సంఖ్యతో భాగించి, వర్గమూలం కట్టాలి. మొదటి మందుకు 0.705 కలిసి 1.405 అవుతుంది. రెండోదానికి 1.576 కలిసి 2.076. రెండోదే గెలిచింది. సంభావ్యత ఒకటి దాటడమేమిటని అడిగే విద్యార్థి మంచి విద్యార్థి. ఇది సంభావ్యత కాదు, వరుస తేల్చడానికి వేసిన మార్కు మాత్రమే.

నాకు ఇంతకంటే పాత దారే ఇష్టం. విలియం థాంప్సన్ 1933లో బయోమెట్రికా పత్రికలో వేసిన ప్రశ్న అది: చేతిలో ఉన్న ఆధారాన్ని బట్టి ఒకటి రెండోదాన్ని మించే సంభావ్యత ఎంత? నయమయ్యే రేటు సున్నా నుంచి ఒకటి దాకా ఏదైనా సమానంగా సాధ్యమేనని మొదలుపెడితే, మొదటి మందుకు బీటా(8, 4) విభాజనం, రెండోదానికి బీటా(2, 2) వస్తాయి. మొదటిదాని రేటు a అయితే రెండోది దాన్ని మించే అవకాశం 1 − 3a² + 2a³. ఇక్కడ a² సగటు 6/13, a³ సగటు 30/91. వేసి చూస్తే 25/91, అంటే 27 శాతం పైచిలుకు. థాంప్సన్ పద్ధతి వందలో సుమారు 27 సార్లు రెండో మందు ఇస్తుంది. పట్టుమని నాలుగు పంక్తుల లెక్క, కంప్యూటర్ అక్కర్లేదు.

మందులు పదైతే పెన్సిల్ చాలదు, సిమ్యులేషన్ కావాలి. సటన్, బార్టో పాఠ్యపుస్తకంలోని పది చేతుల, అంటే పది ఎంపికల, అభ్యాసంలో యాదృచ్ఛికంగా తయారుచేసిన 2000 సమస్యలపై పద్ధతులను నడిపి సగటు తీస్తారు. ఒక్క పరుగును నమ్మితే అదృష్టాన్ని నైపుణ్యమనుకునే ప్రమాదముంది.

ఇక పసికందుల సంగతి. రక్తానికి శరీరం బయటే ఆక్సిజన్ అందించే, కోవిడ్ రోజుల్లో మనకూ తెలిసివచ్చిన ఎక్మో యంత్రాన్ని, శ్వాస అందని నవజాత శిశువులపై మిషిగన్‌లో రాబర్ట్ బార్ట్‌లెట్ బృందం పరీక్షించింది. ఫలితాలు 1985లో వచ్చాయి. సంచిలో రెండు చికిత్సలకూ చెరో బంతితో మొదలు. ఏ బంతి వస్తే ఆ చికిత్స ఇచ్చి, బంతిని తిరిగి సంచిలో వేస్తారు. ఆ చికిత్స ఫలిస్తే దాని బంతి మరొకటి, విఫలమైతే ఎదుటిదాని బంతి ఒకటి అదనంగా వేయాలి. వెయ్, డర్హమ్ 1978లో రాసిన పద్ధతి ఇది. మొదటి బిడ్డకు ఎక్మో వచ్చింది, బతికింది. రెండో బిడ్డకు మూడింట ఒక వంతు అవకాశంతో పాత చికిత్స వచ్చింది, చనిపోయింది. అప్పటికి సంచిలో ఎక్మో బంతులు మూడు, పాతదానివి ఒకటి. తర్వాత ఎక్మో పొందిన ప్రతి బిడ్డా బతికింది, ప్రతిసారీ ఆ వైపు బంతులు పెరిగాయి. చివరికి 12 మందిలో 11 మందికి ఎక్మో అందింది, అందరూ బతికారు. పాత చికిత్స పొందింది ఆ ఒక్కరే.

థాంప్సన్ లెక్కే ఇక్కడా వేస్తే పాత చికిత్స మెరుగై ఉండే సంభావ్యత 1/91. తేలిపోయినట్టేగా? గణాంకవేత్తలు ఒప్పుకోలేదు. ఆ ఒక్క బిడ్డ మొదటినుంచే మరీ విషమస్థితిలో ఉంటే? రేటు సున్నా నుంచి ఒకటి దాకా ఏదైనా సమానమేనన్న మొదటి ఊహ మారితే? భాగహారంలో తప్పు లేదు, కానీ నమూనా నిలబడింది ఒకే బిడ్డ మీద. పిల్లల ప్రాణాలు కాపాడాలన్న తొందర సంచిని అటు వంచింది, అలా వంగడంవల్లే పోల్చడానికి ఎవరూ మిగల్లేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం.

1996లో బ్రిటన్‌లో 185 మంది శిశువులతో, రెండు చికిత్సలకు సమాన అవకాశమిచ్చి చేసిన పరీక్ష ఫలితాలొచ్చాయి. ఎక్మోకు కేటాయించిన 93 మందిలో 30 మంది, పాత చికిత్సకు కేటాయించిన 92 మందిలో 54 మంది చనిపోయారు. ఈ అంకెలతో బీటా లెక్క వేయాలనుకునేవారికి ఎక్మో వైపు బీటా(64, 31), పాతదాని వైపు బీటా(39, 55). ఈసారి మొదటి ఊహను ఎటు జరిపి చూసినా జవాబు పెద్దగా కదలదు.