ఇంకుడుగుంతకు ఆవల: గోస్తనీ ఎగువన వాననీటి శుద్ధి – విమర్శనాత్మక పరిశీలన

పట్టణాభివృద్ధిలో వాననీటి నిర్వహణ అనగానే తెలుగునాట మొదట స్ఫురించేది ఇంకుడుగుంత. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వాననీటి సంరక్షణ కట్టడాలకు చట్టబద్ధత కల్పించడంతో ఈ భావన మరింత బలపడింది. భూగర్భజలాలు అడుగంటుతున్న మైదాన పట్టణాలకు ఇది సముచితమే. అయితే అదే నమూనాను తూర్పు కనుమల గిరిజన ప్రాంతానికి యథాతథంగా వర్తింపజేయడం ఎంతవరకు సమంజసమన్నది పరిశీలించదగిన అంశం.

అరకులోయకు వెళ్లే దారిలోని అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల గుండా సాగి తాటిపూడి జలాశయాన్ని చేరుతుంది. విశాఖపట్నం తాగునీటి వనరుల్లో ఆ జలాశయం ఒకటి. బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడినవి. ఇసుక, మట్టి పొరలు నీటిని వడకట్టినట్లు సున్నపురాతి పగుళ్లు వడకట్టవు. పైనున్న మలినాన్ని అవి త్వరగా ఊటలకు చేరవేస్తాయి. కాబట్టి అతిథిగృహాలు, దుకాణాలు, వాహనాలు నిలిపే స్థలాల నుంచి పారే నీటిని శుద్ధి చేయకుండా గుంతలోకి మళ్లిస్తే అది సంరక్షణ అనిపించుకోదు, కాలుష్యానికి దగ్గరిదారి అవుతుంది. పైగా నిటారు వాలుల్లో నీటిని ఒకేచోట ఇంకిస్తే మట్టి సడలి కొండచరియలు జారే ప్రమాదముంది.

1990ల తొలినాళ్లలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో రూపుదిద్దుకున్న అల్పప్రభావ అభివృద్ధి విధానం ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. వాన పడినచోటనే నీటి వేగాన్ని తగ్గించి, మట్టి, మొక్కల ద్వారా శుభ్రపరచడం దాని సారాంశం. వెయ్యి చదరపు మీటర్ల సిమెంటు నేలపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 25 వేల లీటర్ల నీరు పారుతుంది. అందులో తొలి జల్లులే నూనెను, దుమ్మును ఎక్కువగా మోసుకువస్తాయి. ఆ నీటిని వాలుకు అడ్డంగా తీసిన గడ్డి కాలువల్లోకి మళ్లించి, రాతికట్టలతో నిలిపి, తేరిన తరువాతే వదలడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మెట్లు మెట్లుగా మడులు కట్టి నీటిని ఆపడం ఈ కొండల రైతులకు కొత్త విద్య కాదు.

చౌకదనాన్ని నిర్మాణవ్యయంతోనే కొలవడం ఈ చర్చలోని ప్రధాన లోపం. పూడిక తీయని కాలువ కొంతకాలానికి నిరుపయోగమవుతుంది. ఏటా పూడిక తీసేవారెవరు, వారికి కూలి చెల్లించేవారెవరు అన్నవే అసలు ప్రశ్నలు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను 1996 నాటి పెసా చట్టం పంచాయతీలకు అప్పగించింది. కానీ అధికారం ఇచ్చినంత మాత్రాన నిధులు సమకూరవు. పర్యాటకం వల్ల లాభపడే నిర్మాణదారులు, దిగువన ఆ నీరు తాగే నగరం ఈ వ్యయాన్ని పంచుకోవాలి. లేనిపక్షంలో నగరానికి చౌకగా అందే నీటి అసలు ఖరీదును కొండమీది గిరిజనులే మోయవలసి వస్తుంది.