హలాల్ అంటే కత్తి ఒక్కటేనా?

మా నల్లగొండ పల్లెలో హిందువుల ఇళ్ళల్లో దావతుకు యాట తెగాలంటే మా అబ్బాకు కబురొచ్చేది. "సాయబూ, జర వచ్చి హలాల్ జేసిపో" అనేవారు. ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇవాళ అదే మాట నిషేధాలదాకా, కేసులదాకా వచ్చింది.

ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. మా ఇళ్ళలో హలాల్ మొదట సంపాదనకు సంబంధించిన మాట. 'హలాల్ కీ కమాయీ' అంటే కష్టార్జితం. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి కష్టం రాలిపోయి కత్తి మాత్రం మిగిలింది. చర్చంతా ఈ మిగిలిన ముక్క మీదే.

2023 నవంబరు 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర ఉన్న సరుకుల తయారీని, నిల్వను, పంపిణీని, అమ్మకాన్ని నిషేధించింది. నాణ్యత తేల్చడానికి చట్టబద్ధమైన సంస్థ ఉండగా మరో ముద్ర తికమక పెడుతుందని కారణం చెప్పింది. మరి ఎగుమతి సరుకును ఎందుకు మినహాయించినట్టు? గల్ఫ్‌కు పోయే పెట్టె మీద వ్యాపారమైన మాట లక్నో కిరాణాకొట్లో నేరమయింది!

శాకాహారికి తన తిండేమిటో ఆకుపచ్చ చుక్క చెబుతుంది. అది దేశాన్ని చీల్చిందని ఎవరూ అనలేదు. చుక్క ప్రభుత్వానిది, హలాల్ ముద్ర ప్రైవేటుది అంటారు. నిజమే. అయితే నియమం పెట్టండి, లెక్కలడగండి. ఎగుమతి మాంసానికి గుర్తింపు పొందిన సంస్థల పత్రమే ఉండాలని కేంద్రం 2023లో నియమం పెట్టింది కదా! పరాయి దేశపు కొనుగోలుదారుకున్న మర్యాద ఈ దేశపు ముసల్మానుకు లేదా?

2024 జులైలో అసలు సంగతి బయటపడింది. కావడి యాత్ర దారిలోని హోటళ్ళు యజమానుల పేర్లు రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు చెప్పారు. ఏం వండావని కాదు, నువ్వెవరని ప్రశ్న. ఏ తిండి అమ్ముతున్నారో చెప్పమనవచ్చు, పేర్లు రాయమని బలవంతం చేయరాదని జులై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఆ బెంచీలోని జస్టిస్ భట్టి మదనపల్లెవారు. కేరళలో ఉండగా శుభ్రత చూసి ఒక ముస్లిం నడిపే శాకాహార హోటలుకే వెళ్ళేవాణ్ణని ఆయన చెప్పారు. తినేవాడు చూడాల్సింది అదే.

"తిండి గొడవే కదా, వదిలేయండి" అనే సెక్యులర్ మిత్రులారా, పేరు అడిగాక అది తిండి గొడవగా మిగలదు.

మనవాళ్ళనూ ఒక మాట అడగాలి. ముద్రవేసే సంస్థలు ఫీజుల లెక్కలు జనం ముందు ఎందుకు పెట్టకూడదు? కోతకు ముద్ర ఉంది సరే, కోసినవాడి కూలి సంగతి ఏ పెట్టె మీద రాస్తున్నారు? కమాయీని వదిలేసి కత్తినే పట్టుకుంటే మనమూ ఆ మాటను సగమే మిగిల్చినవాళ్ళమవుతాం.

మా అబ్బా దగ్గర ఏ పత్రమూ లేదు. ఊరు ఆయన చేతిని నమ్మింది. ఆయన ఊరి తిండిని నమ్మాడు. పోయింది ఆ నమ్మకం. దాన్ని నిషేధాలూ తేలేవు, ముద్రలూ తేలేవు.