విజ్ఞాన విధానము – ప్రజల నమ్మకము

ప్రజలు శాస్త్రమును నమ్మకున్నచో అందులకు కారణము వారి అజ్ఞానమే యని తలచుట పరిపాటి. మన దేశపు విజ్ఞాన విధాన పత్రములు కూడ చాలవరకు ఈ భావముతోనే వ్రాయబడినవి. 1958 మార్చి 4వ తేదీన వెలువడిన విజ్ఞాన విధాన తీర్మానము శాస్త్ర ఫలములను ప్రజలకు సమకూర్పవలెనని ఆశించినది. 2003 నాటి విధానము విజ్ఞాన సందేశము ప్రతి పౌరునికి చేరవలెననెను. 2013 నాటిది శాస్త్రీయ దృక్పథమును అన్ని వర్గములలో వ్యాపింపజేయుట తన ఆశయమనెను. ఆశయములు మంచివే. కాని వీనిలో ప్రజలు పుచ్చుకొనువారే గాని అడుగువారు కారు. డాక్టరేటుకై కృషి చేయు పరిశోధక విద్యార్థి ఈ పత్రములను చదివినచో మొదట గమనించు లోపము ఇదియే. ఏలయన, ఎంత పెద్దవారు చెప్పినను "ఇది ఎట్లు తెలిసినది?" అని అడుగుటయే అతనికి ప్రయోగశాల నేర్పిన మొదటి పాఠము.

ఈ లోపము కాగితము మీదనే నిలువలేదు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకా పథకమొకటి ప్రారంభమయ్యెను. పాత్ అను అమెరికన్ సంస్థ, భారతీయ వైద్య పరిశోధనా మండలి, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి దీనిని నడిపినవి. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల లోపు బాలికలు సుమారు 14 వేలమందికి టీకా వేయబడెను. వీరిలో గిరిజన వసతి గృహములలోని పిల్లలు అనేకులు. గుజరాతులోని వడోదరలో మరియొక టీకాతో ఇట్టి పథకమే సాగెను.

టీకా వెనుకనున్న శాస్త్రము బలమైనది. ఈ క్యాన్సరునకు హ్యూమన్ పాపిలోమా వైరసు కారణము. టీకాలో ఆ వైరసు పైతొడుగు వంటి మాంసకృత్తులు మాత్రమే యుండును. జన్యుపదార్థము లేనందున రోగము కలిగింపజాలదు. 2022 అంచనాలనుబట్టి ఈ క్యాన్సరువలన మన దేశములో ఏటా సుమారు 80 వేలమంది స్త్రీలు మరణించుచున్నారు. కనుక టీకా అవసరమా అను విషయమున పెద్ద సందేహము లేదు. అడుగవలసినది మరొకటి: ఆ బాలికల తల్లిదండ్రులను ఎవరైన అడిగిరా?

పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘము 2013 ఆగస్టు 30న సమర్పించిన 72వ నివేదికలో దీనికి జవాబు కలదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 1,948 వేలిముద్రలతో నున్నవి. 2,763 పత్రములపై వసతి గృహముల వార్డెనులు సంతకము చేసిరి. అనగా పావు వంతుకు మించిన పత్రములలో తల్లిదండ్రుల మాట లేదు. పథకమును నడిపినవారు ఇది పరిశోధన కాదు, ప్రదర్శన మాత్రమేయని వాదించిరి. సంఘము ఆ వాదమును అంగీకరింపలేదు. ఫలితములను కొలుచుటకై జరుపు పనికి పేరు మార్చినంతమాత్రాన బాధ్యత తగ్గదు గదా! "పరిశోధన" యనినచో నీతి సంఘము, అంగీకారము, ప్రతికూల ఫలితముల నమోదు అన్నియు వెంటవచ్చును. వీనిని దాటకుండ సాగలేడని పరిశోధక విద్యార్థికి తెలియును.

రెండు రాష్ట్రములలో కలిపి, టీకా వేయించుకొన్న బాలికలలో ఏడుగురు మరణించినట్లు వార్తలు రాగా, 2010 ఏప్రిలులో పథకము నిలిపివేయబడెను. మరణములకు టీకాతో సంబంధము కానరాదని విచారణ సంఘము తేల్చినది. ఇచట ఇరుపక్షములను విమర్శింపవలసియున్నది. టీకా తరువాత మరణము సంభవించినది గనుక టీకావలననే సంభవించినదనుట తర్కదోషము. టీకా వేయించుకొనని అదే వయస్సు బాలికలలో సాధారణముగ ఎందరు మరణింతురో తెలిసిననే పోల్చి చెప్పవచ్చును. కాని ఆ పోలికకు కావలసిన లెక్కలను వెంటనే ప్రజల ముందుంచగల పర్యవేక్షణ పథకములో లేకపోయెను. లెక్క లేనిచోట పుకారుకు జవాబు దొరకదు. కావున గ్రామస్థుల అనుమానమును మూఢత్వమనుట న్యాయము కాదు.

నష్టము శాస్త్రమునకే కలిగెను. టీకాను జాతీయ కార్యక్రమములో చేర్చు మాట ఏండ్ల తరబడి వెనుకబడెను. నిపుణుల సలహా సంఘము 2022లో సిఫారసు చేయగా, 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెటులో 9 నుండి 14 ఏండ్ల బాలికలకు టీకాను ప్రోత్సహింతుమని కేంద్రము ప్రకటించినది. ఇందొక విచిత్రము కలదు. 2010 నాటి ఉత్తర్వుతో దేశములో వేరొక టీకా పరిశోధన కూడ ఆగిపోగా, అందలి బాలికలలో కొందరికి ఒక్క మోతాదే అందెను. వారిని పదేండ్లు గమనింపగా ఒక్క మోతాదు కూడ బాగుగ రక్షించుచున్నదని 2021లో తేలినది.

అడుగుట సాధ్యము కాదందురా? అదే శీతకాలమున, 2010 జనవరి, ఫిబ్రవరి మాసములలో, బి.టి. వంకాయపై కేంద్ర పర్యావరణ మంత్రి హైదరాబాదుతో సహా ఏడు నగరములలో బహిరంగ సభలు జరిపి రైతుల మాట, శాస్త్రజ్ఞుల మాట వినెను. ఫిబ్రవరి 9న అనుమతిని వాయిదా వేసెను. ఆ నిర్ణయమును పలువురు శాస్త్రజ్ఞులు తప్పుపట్టిరి. కాని ఏ కారణమున ఆ నిర్ణయము తీసికొనబడినదో అందరికి తెలిసినది, తెలిసినదానితో వాదింపవచ్చును. వంకాయ విషయమున పాటింపబడిన మర్యాద ఖమ్మం బాలికల విషయమున పాటింపబడలేదు.

పాఠము నేర్చితిమా? 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో ఒకే దినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయగా, కొద్ది దినములలో నలుగురు మరణించిరి. ఇట్టి శిబిరములను మూడేండ్లలో నిలుపవలెనని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14ననే ఆదేశించియుండెను. ఆ శస్త్రచికిత్స పద్ధతి కొత్తదికాదు. సరిగా చేసినచో క్షేమమైనది. విధానము సంఖ్యను లెక్కించినపుడు మనిషి మరుగున పడును.

రాజ్యాంగపు 51ఎ అధికరణము, 1976 సవరణ ననుసరించి, శాస్త్రీయ దృక్పథముతోపాటు జిజ్ఞాసను కూడ పౌరుని విధిగా పేర్కొనుచున్నది. విధాన పత్రములు మొదటిదానిని గ్రహించి రెండవదానిని విడిచినవి. రేపు అదే జిల్లాలోని మీర్‌పేట పాఠశాలకు టీకా పత్రము వచ్చినచో, ఉపాధ్యాయుడు తల్లిదండ్రులకు బదులు సంతకము చేయరాదు. ఈ టీకా దేనికి, దుష్ఫలితము కలిగినచో ఎవరికి చెప్పవలెను, వద్దనుటకు హక్కు కలదా యను మూడు ప్రశ్నలకు వారి భాషలో జవాబు చెప్పించి, పిదప టీకా వేయించుకొనుమని ధైర్యముగా చెప్పవలెను. అట్లు అడిగి తెలిసికొన్నవారి నమ్మకము పుకారుకు చెదరదు.