ప్రాంతీయ సాహిత్య పరిశోధన – అధ్యాయ ప్రణాళిక: సోంపేట ‘బీల’ ఆధారంగా పరిశీలన

ప్రాంతీయ సాహిత్యంపై వెలువడే సిద్ధాంతగ్రంథాలు చాలావరకు ఒకే అచ్చులో సాగుతున్నాయి. మొదట ప్రాంతపు ఉనికి, చరిత్ర, పంటలు; తరువాత రచయితల జీవిత విశేషాలు; ఆపై ఇతివృత్త సంగ్రహాలు; చివర ఉపసంహారం. శీర్షికలో ‘సమగ్ర పరిశీలన’ అన్న మాట చేరగానే పరిశోధన ప్రశ్నతో పని తీరిందనుకోవడం ఈ పద్ధతిలోని ప్రధాన లోపం. (మౌఖిక పరీక్షలో ‘అన్ని కోణాలూ పరిశీలించాను’ అన్న సమాధానం వినని ఆచార్యులు అరుదు.)

సోంపేట ప్రాంతాన్ని తీసుకుంటే ఈ లోపం స్పష్టమవుతుంది. అక్కడి చిత్తడి నేలను స్థానికులు ‘బీల’ అంటారు. సాగుకు, చేపల వేటకు, పశువుల మేతకు అదే ఆధారం. అక్కడ 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించారు. 2010 జూలై 14న ఆందోళనకారులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ప్రతిపాదకులకు బంజరు, స్థానికులకు బీల. వివాదంలో ఎక్కువ భాగం ఈ రెండు పేర్ల మధ్యనే నడిచింది. దీనిని ‘భౌగోళిక నేపథ్యం’లో రెండు పుటల్లో ముగించి, ఐదవ అధ్యాయంలో ఉద్యమ కథల సారాంశం రాస్తే, నేలకూ రచనకూ ఉన్న సంబంధం పరిశోధకుని చేతిలోనే తెగిపోతుంది.

2010కి ముందూ తరువాతా కథల్లో, పాటల్లో బీల చిత్రణ ఎలా మారిందన్న ప్రశ్నతో బయలుదేరితే ప్రణాళిక స్వరూపమే మారుతుంది. భౌగోళిక సమాచారం ప్రతి అధ్యాయంలోనూ సాక్ష్యంగా ప్రవేశిస్తుంది. రచయిత జీవితం అవసరమైన మేరకే వస్తుంది. కాలనిర్ణయం కీలకమవుతుంది: సంపుటి వెలువడిన సంవత్సరాన్ని కథ పుట్టిన సంవత్సరంగా గ్రహిస్తే వాదన మొత్తం తలకిందులవుతుంది. అందుకు తొలి ప్రచురణ ఉన్న పత్రికలను చూడాలి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం ఇటువంటి పనికి సమీపంలోనే ఉన్న ఆకరం. పాటల విషయంలో పాడినవారు, చోటు, తేదీ నమోదు కావాలి. మాండలిక రూపాలను శిష్టభాషలోకి ‘సరిదిద్దడం’ ఆకరాన్ని పాడుచేయడమే.

నమోదు సమయంలో సమర్పించే అధ్యాయ విభజన తాత్కాలికమే. ఆకరాలు చదవకముందు రాసిన విభజనకు అవి లొంగనవసరం లేదు. 2010కి ముందటి కథల్లో బీల ప్రస్తావన దొరకకపోతే ఆ అధ్యాయాన్ని తొలగించడం కాదు, ఆ మౌనానికి కారణాలు వెతకడమే దాని విషయమవుతుంది.