ఏడు గంటల మస్టరుకు ముందు

గోదావరిఖనిలో ఆదివారానికి ఒక చిక్కుంది. వారాంతపు సెలవు రోజున బొగ్గుబాయి నడిస్తే దాన్ని ప్లే డే అంటారు. ఆ రోజు మస్టరు (హాజరు) పడితే జీతం రెట్టింపు. పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలోనో, చిట్టీ బాకీ నెత్తిన కూర్చున్న నెలలోనో ఆ డబ్బు చిన్న మొత్తం కాదు. సరిగ్గా అదే పొద్దున కాలనీ చర్చిలో ఆరాధన. "అయ్యగారూ, బాయికి పోవాల్నా, గుడికి రావాల్నా? దేవుని చిత్తం ఏంది?" అన్న ప్రశ్న బొగ్గుబెల్టు పాస్టర్లకు కొత్త కాదు.

తొందరపడే పాస్టరు వెంటనే ఏదో ఒకటి చెప్పేస్తాడు. అనుభవం ఉన్నవాడు తిరిగి అడుగుతాడు. ఆ డబ్బు దేనికి? ఇంట్లో భార్యతో మాట్లాడినవా? పోయిన నెల ఎన్ని ప్లే డేలు చేసినవు? దేని గురించి భయపడుతున్నవు? జవాబు అడిగినవాడి నోటి నుంచే రావాలని ఆయన పట్టుదల. దేవుని స్వరం వినడం, విన్నదాని ప్రకారం నడవడం అని క్రైస్తవులు చెప్పే సాధనలో ఉన్న పనితనమంతా ఈ తిరుగు ప్రశ్నల్లోనే ఉంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది ఆకాశవాణి కోసం ఎదురుచూపులా కనిపించవచ్చు. దగ్గరికి వెళ్తే, క్రమం తప్పకుండా నేర్చుకోవాల్సిన పని అని తెలుస్తుంది.

ఆ పనికీ బొగ్గుకీ పాత చుట్టరికం ఉంది. బైబిల్లోని యోబు గ్రంథం 28వ అధ్యాయం గని పని గురించి మొదలవుతుంది. మనుషుల అడుగు చప్పుడు వినపడనంత దూరంలో గుంత తవ్వి, తాళ్లకు వేలాడుతూ, చీకటికి హద్దు పెట్టి, రాళ్ల మధ్య విలువైనదాన్ని వెతికే పనివాళ్లు అందులో ఉన్నారు. ఇంత లోతుకు దిగగలిగిన మనిషి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందో మాత్రం కనిపెట్టలేకపోయాడని కవి ఆశ్చర్యపోతాడు. బొగ్గుబాయి కాలనీల్లో ప్రసంగించేవాళ్లకు ఇంతకంటే చేతికందిన పాఠం ఇంకొకటి ఉండదు.

చరిత్రలో చూసినా అంతే. 1739 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట జార్జ్ విట్‌ఫీల్డ్ బొగ్గు కార్మికులకు ఆరుబయట ప్రసంగించాడు. మసిపట్టిన వాళ్ల ముఖాల మీద కన్నీళ్లు తెల్లటి చారలు కట్టాయని ఆయనే రాసుకున్నాడు. కొన్ని వారాలకు జాన్ వెస్లీ ఆ పని అందుకున్నాడు. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనామందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక జట్టుగా చేసి, మనిషికి వారానికొక పెన్నీ వసూలు చేద్దామన్నారు. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగిన జట్టు నాయకులకు ఆ ఇళ్ల కష్టాలు, తప్పులు, తగాదాలు కంటపడ్డాయి. వసూళ్ల ఏర్పాటు కాస్తా "ఈ వారం నీ ఆత్మ ఎలా ఉంది?" అని ఒకరినొకరు అడిగే తరగతి కూడికగా మారింది. అప్పు లెక్కలోంచి ఆత్మ లెక్క పుట్టిందన్నమాట. చిట్టీల ఊళ్లో ఈ సంగతి ఎవరికీ వింతగా తోచదు.

ఆ వెస్లీ మెథడిస్టు సంప్రదాయమే 1879లో నిజాం రాజ్యానికి వచ్చింది. మెదక్‌లో చార్ల్స్ వాకర్ పాస్నెట్ కట్టించిన కెథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ మెథడిస్టు సంఘాలు అందులో కలిశాయి, 1978లో కరీంనగర్‌కు వేరే అధ్యక్ష మండలం వచ్చింది. రామగుండం ప్రాంతంలో సింగరేణి బొగ్గు తవ్వకాలు 1961లో మొదలయ్యాయి. పల్లెల నుంచి బాయి పనికి వచ్చినవాళ్లు పెట్టెబేడాతో పాటు తమ సంఘాన్నీ వెంట తెచ్చుకున్నారు. పెంతెకొస్తు, బాప్టిస్టు, హెబ్రోను సహవాసాలు పక్కపక్కనే వెలిశాయి. ఇప్పుడు యైటింక్లైన్ కాలనీలోనో, సెంటినరీ కాలనీలోనో ఒక క్వార్టరు ముందు చెప్పుల వరస కనిపిస్తే లోపల ఇంటి కూడిక జరుగుతోందని లెక్క.

ఇంతకీ వినడం ఎలా?

మొదటి పాఠం వాక్యం. మొదటి షిఫ్టు ఏడింటికి. అంతకుముందే బైబిలు తెరవాలి, అదీ తోచిన పేజీ కాకుండా ఒక వరసలో. ఈ చోటే తెలుగు క్రైస్తవుల్లో అందరికీ ఇష్టమైన ఒక అలవాటు గురించి కాస్త కటువుగా చెప్పుకోవాలి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకుంటారు. ఎవరికి ఏ వచనం వస్తే అది ఆ ఏడాదికి దేవుని మాట. దీనికి గౌరవమైన దూరపు బంధువు ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో కౌంట్ జింజెండార్ఫ్ 1728లో తన మొరేవియన్ సహవాసానికి రోజుకొక వచనం ఇవ్వడం ప్రారంభించాడు. 1731 నుంచి అది పుస్తకంగా వస్తోంది, వచనాలను ఇప్పటికీ చీట్లు తీసి ఎంచుతారు. అయితే అక్కడ చీటీ పడేది ఒక్కరి జాతకానికి కాదు, సహవాసమంతటికీ. పైగా ఏడాదికొక్క వచనం కాదు, దినదినం ఒకటి. మన కార్డుల్లో ఆశీర్వాదాలే ఎక్కువ, హెచ్చరికలు అరుదు. అప్పు తీర్చమనో, అన్నతో మాట్లాడమనో చెప్పే కార్డు ఎవరికైనా వచ్చిందా? ఏడాది పొడవునా గోడకు వేలాడే ఆ ఒక్క వచనంతో సరిపెట్టుకుంటే వినేది మన కోరికనే.

రెండోది మౌనం. క్యాథలిక్ మఠాల్లో చదవడం, నెమరేసుకోవడం, ప్రార్థించడం, ఊరకుండటం అని నాలుగు మెట్లు చెబుతారు. 12వ శతాబ్దపు సన్యాసి రెండో గ్విగో వాటిని నిచ్చెనలా వరుసపెట్టాడు. తెలుగు ప్రార్థన కూడికల్లో మొదటి మూడూ దండిగా ఉంటాయి. నాలుగోది కరువు. గొంతెత్తి ప్రార్థించడంలో మనకున్న ప్రావీణ్యం, రెండు నిమిషాలు ఊరుకోవడంలో లేదు. ఇరుకు క్వార్టర్లో, టీవీ మోతలో, మూడో షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషి పక్కన మౌనానికి చోటు వెతుక్కోవడం కష్టమే. చాలామంది ఆడవాళ్లకు ఆ చోటు, భర్త మొదటి షిఫ్టుకు, పిల్లలు బడికి వెళ్లాక దొరికే కాసేపే.

మూడోది పరీక్ష. అసలు విద్య ఇక్కడుంది.

బాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పని స్థలాన్ని చూస్తాడు. చేతికర్రతో పైకప్పును తట్టి చెవి పెడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. అనుమానం తీరకపోతే ఒక చేత్తో కొడుతూ రెండో చేతి వేళ్లు రాతికి ఆనించి అదురు ఉందేమో చూస్తాడు. కంటికి రెండు కప్పులూ ఒకటే. కొత్తగా చేరినవాడి చెవికి రెండు శబ్దాలూ ఒకటే. తేడా పట్టడానికి పాతవాళ్ల పక్కన నిలబడి ఏళ్లు గడపాలి. మనసులో పలికిన ప్రతి మాటా దేవునిదే అనుకునేవాడు కర్ర లేకుండా బొగ్గు తవ్వే ఫేస్‌లోకి నడిచినవాడి లాంటివాడు.

బాలుడైన సమూయేలు కథ చెప్పేదీ ఇదే. రాత్రి తనను పిలిచింది ఎవరో తెలియక అతను మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. పిలుపు వినబడింది సమూయేలుకు, అది ఎవరిదో పోల్చుకున్నది ఏలీ. చూపు మందగించిన ముసలివాడు, కన్నకొడుకుల్ని అదుపులో పెట్టలేకపోయినవాడు, అయినా స్వరాన్ని గుర్తుపట్టగలిగాడు. ఒంటరిగా విన్నదాన్ని ఒంటరిగా నమ్మకూడదన్న నియమానికి ఈ కథ మూలం.

ఈ పరీక్షకు ఎక్కువ పదును పెట్టినవాడు ఇగ్నేషియస్ లొయోలా. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచాన పడ్డ ఈ స్పెయిన్ సైనికుడు కాలక్షేపానికి రెండు రకాల కలలు కనేవాడు. రాజకుమారి మెప్పు కోసం చేయబోయే సాహసాలు ఒక రకం. పుస్తకంలో చదివిన పరిశుద్ధుల్లా బతకాలన్నది రెండోది. కలగనేటప్పుడు రెండూ తియ్యగానే ఉన్నాయి. తర్వాత మొదటిది మనసును ఎండబెట్టేది, రెండోది నెమ్మదిని మిగిల్చేది. ఆ తేడాను గమనించడం మీదే ఆయన సాధన అంతా కట్టాడు. 1548లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక నియమం షిఫ్టు కార్మికులకు మరీ పనికొస్తుంది: మనసు కుంగి ఉన్న వేళ, అంతకుముందు నెమ్మదిగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. వారం రోజుల రాత్రి షిఫ్టు ముగిసిన పొద్దున రాజీనామా గురించో, అన్నదమ్ముల పంపకాల గురించో దేవుని చిత్తం తేల్చుకోవడానికి కూర్చోకూడదని దాని అర్థం.

హెబ్రోను సహవాసాల దారి వేరు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఇంజినీరింగ్ చదువుతూ 1929లో క్రైస్తవుడైన భక్తసింగ్ హైదరాబాదును కేంద్రంగా చేసుకుని తెలుగునాట విస్తారంగా ఈ సంఘాలు నెలకొల్పాడు. 2000 సెప్టెంబరులో అక్కడే కన్నుమూశాడు. ఎక్కడికి వెళ్లాలి, ఏం మాట్లాడాలి అన్నది మోకాళ్ల మీద తేలేదాకా ఆయన కదిలేవాడు కాదు. డబ్బు కోసం మనుషుల్ని అడగడం ఆయన పద్ధతి కాదు. క్వేకర్లనే క్రైస్తవ శాఖలో ఇంకో తీరుంది. నిర్ణయం ముందున్న మనిషి చుట్టూ కొందరు కూర్చుని ప్రశ్నలు మాత్రమే వేస్తారు, సలహా ఇవ్వకూడదు. సలహా ఇవ్వకుండా గంటసేపు కూర్చోవడం మన బంధువర్గంలో ఎవరివల్ల అవుతుందో చెప్పడం కష్టం!

పరీక్ష లేకపోతే ఏమవుతుంది? "దేవుడు నాతో చెప్పాడు" అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. ఆ మాట అడ్డుపెట్టుకుని ఇష్టంలేని సంబంధం ఖాయం చేసినవాళ్లున్నారు, మందులు మాన్పించినవాళ్లున్నారు, స్కీముల్లో డబ్బు పెట్టించినవాళ్లున్నారు. ఇంకా సున్నితమైన చోటు సాక్ష్యాలు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఏ ప్రమాదం తర్వాతైనా "ఆ రోజు నన్ను పోనివ్వకుండా దేవుడే ఆపాడు" అనే సాక్ష్యం ఎక్కడో లేస్తుంది. చెప్పేవాడి కృతజ్ఞత నిజమే కావచ్చు. కానీ అదే వరసలో పోయినవాడి భార్య కూర్చుని ఉంటుంది. ఆపకుండా పోనిచ్చినవాళ్లతో దేవుడు ఏమన్నట్టు? ఇలాంటి సాక్ష్యాన్ని వేదిక మీదికి రానివ్వకుండా, ఆ మనిషిని పక్కకు పిలిచి దేవునికి మాత్రమే చెప్పుకొమ్మనే పెద్దలు విన్నవాళ్లే.

వినడం పూర్తయ్యాక మిగిలేది చేయడం. ఇక్కడ మాట్లాడే హక్కు ఎక్కువున్నవాడు ఒక బొగ్గు కార్మికుడు. వేల్స్‌కు చెందిన ఈవాన్ రాబర్ట్స్ చిన్నతనంలోనే గనిలో దిగాడు. బైబిలు వెంట తీసుకుపోయి పని మధ్యలో చదివేవాడు. 1904లో వేల్స్‌ను ఊపేసిన ఉజ్జీవానికి 26 ఏళ్ల వయసులో అతను ముందు నిలిచాడు. అతను చెప్పింది నాలుగు సంగతులు. తెలిసిన పాపం ఒప్పుకోవాలి, అనుమానం ఉన్న అలవాటు వదలాలి, ఆత్మ చెప్పింది వెంటనే చేయాలి, క్రీస్తును అందరి ముందు ఒప్పుకోవాలి. మూడోదానిలోని "వెంటనే" గుండెకాయ. ఆ రోజుల్లో పాత బాకీలు తీరాయి, సారా దుకాణాలు బోసిపోయాయి. బూతులు మానేసిన కార్మికుల ఆజ్ఞలు అర్థంకాక గని గుర్రాలు నిలబడిపోయేవని ఒక కథ కూడా చెప్పుకుంటారు. నిజమెంతైనా, విధేయతకు కొలత ప్రసంగాలు కావనీ, పని చోట పలికే మాట అనీ ఆ కథకులకు తెలుసు. మరుసటేడు ఆ ఉజ్జీవం వెల్ష్ మిషనరీల ద్వారా మన ఖాసీ కొండల్ని చేరింది.

బొగ్గు దారిలోనే ఇంకో ఉదాహరణ. తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1903లో తిరునల్వేలి క్రైస్తవుల చేత స్వదేశీ మిషను పెట్టించి ఇతరుల్ని తెలుగునాటికి పంపాడు. పంపడం సరే, మరి నేనో అన్న ప్రశ్న వదల్లేదు. సౌకర్యమైన వైఎంసీఏ ఉద్యోగం వదిలి 1909లో డోర్నకల్ చేరాడు, తెలుగు నేర్చుకున్నాడు. ఇల్లెందు బొగ్గు రైలుదారి కలిసే జంక్షన్ అది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం తీసుకున్న నిరక్షరాస్య కూలీ కూడా తన సువార్త తానే చెప్పాలని ఆయన పట్టుబట్టాడు. ఇంకొకరు వినిపెట్టి చెబితే నడిచే విశ్వాసం ఆయనకు నచ్చలేదు.

ఇప్పుడు బొగ్గుబెల్టులో పని తీరే మారుతోంది. భూగర్భ గనుల చోటును ఓపెన్‌కాస్టులు ఆక్రమించాయి, పర్మనెంటు కార్మికుల పక్కన కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. ఒకే షిఫ్టు, ఒకే వీధి అన్న పాత ఏర్పాటు మీద నిలిచిన ఇంటి కూడికలు పలచబడ్డాయి. వాటి చోటులోకి వాట్సాప్ వచ్చింది. తెల్లారేసరికి గులాబీ పూల మీద వచనాలు వరదలా వస్తాయి, చదివినా చదవకపోయినా చేతులు జోడించిన బొమ్మ తిరిగి వెళ్తుంది. వచనం చేరడానికి అది చాలు. "పోయిన వారం అన్నతో మాట్లాడతానన్నవు కదా, మాట్లాడినవా?" అని అడగడానికి మాత్రం ఇంకొక మనిషి ఎదురుగా కూర్చోవాలి. అందుకే కొన్ని సంఘాలు వారం మధ్యలో, రెండో షిఫ్టు వాళ్లకు పొద్దున, మొదటి షిఫ్టు వాళ్లకు సాయంత్రం అని చిన్న జట్లను వేరుచేసి కలుపుతున్నాయి. ప్లే డే సంగతి కూడా ఆ జట్లలోనే తేలుతోంది. ఒకరు ఈ నెల పోతానంటారు, ఇంకొకరు మానేస్తానంటారు, ఫీజుకు తక్కువ పడ్డ డబ్బు ఎలా సర్దాలో మిగతావాళ్లు ఆలోచిస్తారు.